మందుల చీటి చరిత్ర: పైసా పొట్లం నుంచి ఎర్ర గీత వరకు

ఉపోద్ఘాతం

మీ ఇంట్లోని మందుల డబ్బా తెరిచి రెండు మాత్రల షీట్లను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి జ్వరానికి వాడే పారాసిటమాల్. రెండోది ఎప్పుడో డాక్టరు రాయగా వాడకుండా మిగిలిపోయిన యాంటీబయాటిక్. ఈ రెండో షీటు వెనుక 'ఆర్‌ఎక్స్' అనే గుర్తు, ఒక ఎర్ర గీత, చిన్న అక్షరాలతో ఇంగ్లిషులో ఒక హెచ్చరిక కనిపిస్తాయి. రిజిస్టర్డ్ వైద్యుడు రాసిన చీటి ఉంటేనే చిల్లరగా అమ్మాలన్నది ఆ హెచ్చరిక సారాంశం. చీటి అడగకుండానే ఆ మందు ఇచ్చిన దుకాణాలు మీకు తెలిసే ఉంటాయి.

చట్టం ఒకటి, వాడుక మరొకటి అని దీన్ని కొట్టిపారేయడం తేలిక. చరిత్ర విద్యార్థి మాత్రం ఒక అడుగు వెనక్కి వెళ్ళి, చీటితో కొనే మందు, చీటి లేకుండా కొనే మందు అనే విభజన మన దేశంలో ఎప్పుడు, ఎవరి అవసరం కోసం వచ్చిందని ప్రశ్నించాలి. ఇంకొక విశేషాన్ని కూడా ఇక్కడే గమనించండి. 'ఓవర్ ది కౌంటర్' మందు అనే మాటను మనం రోజూ వాడుతున్నా, భారతీయ ఔషధ చట్టంలో దానికి నిర్వచనం లేదు. చీటి అవసరమైన మందులకు పట్టికలు ఉన్నాయి. ఆ పట్టికల్లో లేనివన్నీ చీటి లేకుండా దొరికేవిగా వాడుకలో స్థిరపడ్డాయి.

ఈ విభజన వెనుక రెండు వేర్వేరు అనుభవాలు ఉన్నాయి. డాక్టరు లేని చోటికి కూడా మందు చేరాలని మొదటిది నేర్పింది. డాక్టరు లేకుండా మందు చేరకూడదని రెండోది నేర్పింది. మొదటి పాఠం చెప్పింది క్వినైన్, రెండోది చెప్పింది యాంటీబయాటిక్. ఈ రెండూ ఒకే చట్టంలో ఇమడలేక ఇమిడి ఉండడమే మన కథ.

పోస్టాఫీసులో జ్వరం మందు

సింకోనా చెట్టు బెరడు నుంచి క్వినైన్‌ను 1820లో పెల్లెటియే, కవాంతూ అనే ఫ్రెంచి రసాయనవేత్తలు వేరుచేశారు. దక్షిణ అమెరికాలో పెరిగే ఈ చెట్టును 1860-61 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం నీలగిరి కొండలకు తెప్పించి నాటించింది. డార్జిలింగ్ కొండల్లోనూ తోటలు వేశారు. సైన్యానికి, అధికారులకు, తోట కూలీలకు, రైలు మార్గాల నిర్మాణానికి జ్వరం పెద్ద అడ్డంకిగా ఉండేది కనుక ఇది పూర్తిగా పరోపకార చింతన కాదు. మన గోదావరి, విశాఖ ఏజెన్సీ ప్రాంతాలకు వెళ్ళిన ఉద్యోగులను 'మన్యం జ్వరం' ఎంతగా భయపెట్టేదో అప్పటి పాలనా పత్రాలు చదివినవారికి తెలుసు. ఆ జ్వరం దోమ ద్వారా వస్తుందన్న సంగతి తేలడానికి 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ చేసిన పరిశోధన దాకా ఆగవలసి వచ్చింది. అంటే కారణం తెలియకముందే మందు చేతికి వచ్చిందన్నమాట.

మందు ఉంది, కాని దాన్ని పల్లెకు చేర్చేదెవరు? పల్లెల్లో డాక్టర్లు లేరు, మందుల దుకాణాలు లేవు. పోస్టాఫీసు మాత్రం ఉంది. 1892లో బెంగాల్ ప్రభుత్వం పోస్టాఫీసుల ద్వారా క్వినైన్ పొట్లాలను అమ్మించడం మొదలుపెట్టింది. పొట్లం ధర ఒక పైసా. ఈ పొట్లాలను జైలులో ఖైదీల చేత కట్టించేవారు. క్రమంగా ఈ పద్ధతి ఇతర రాష్ట్రాలకు కూడా పాకింది. కార్డులు, స్టాంపులు అమ్మే మనిషే జ్వరం మందు కూడా అమ్మాడు. అతడు ఎవరినీ చీటి అడగలేదు, అడగాలని ప్రభుత్వం ఉద్దేశించనూ లేదు.

ఈ పద్ధతిలో లోపం ఎక్కడుందో కూడా చూడాలి. పొట్లంలో ఉన్నది కొద్ది గ్రెయిన్లు మాత్రమే, ఒక మోతాదుకు సరిపోయేంత. జ్వరం పూర్తిగా పోవాలంటే రోజుల తరబడి మింగాలి. పైసా పెట్టి ఒక పొట్లం కొన్న కూలీ, జ్వరం తగ్గగానే రెండో పొట్లానికి మళ్ళీ పైసా ఎందుకు పెడతాడు? పైగా మందు మహా చేదు, ఎక్కువగా వాడితే చెవుల్లో హోరు పుడుతుంది. మందును పల్లెకు చేర్చడం ఒక పని, సరైన మోతాదులో సరైన కాలం వాడించడం మరొక పని. ప్రభుత్వం మొదటిది చేసి రెండోదాన్ని రోగికి వదిలేసింది.

మిక్చరు సీసా, తలనొప్పి డబ్బీ

అదే కాలంలో తాలూకా కేంద్రాల్లోని ధర్మాసుపత్రుల్లో మందు ఇంకొక విధంగా రోగికి చేరేది. డాక్టరు చీటి మీద లాటిన్ సంక్షిప్తాల్లో నాలుగు ముక్కలు రాస్తే, కాంపౌండరు దాన్ని చదివి, పొడులు నూరి, ద్రవాలు కొలిచి మిక్చరు కలిపేవాడు. రోగి ఇంటినుంచి తెచ్చుకున్న ఖాళీ సీసాలో దాన్ని పోసి, సీసాకు పక్కన ఒక కాగితం ముక్క అంటించేవాడు. ఆ కాగితం అంచు రంపపు పళ్ళలా కత్తిరించి ఉండేది. ఒక్కొక్క గాటు ఒక్కొక్క మోతాదు. చదువు రానివారికి కూడా అర్థమయ్యే కొలబద్ద అది. మందుల చరిత్రలో దీనికి ఎవరూ పెద్దపీట వేయలేదు గాని, నేటి షీట్ల మీది ఇంగ్లిషు అక్షరాలకంటే ఆ కాగితపు గాట్లే రోగికి ఎక్కువ సాయం చేశాయనిపిస్తుంది.

ఇక మూడో దారి, పేటెంటు మందుల దారి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. ఆ వ్యాపారం మీద వచ్చిన ఆదాయంతోనే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించారు, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా నడిపారు. మద్రాసులో కేసరి కుటీరం స్థాపించి లోధ్ర వంటి మందులు అమ్మిన డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో గృహలక్ష్మి పత్రికను ప్రారంభించారు. హైదరాబాదులో జిందా తిలిస్మాత్ 1920లో మొదలైంది. చుక్కలుగా లోపలికి పుచ్చుకోవడానికి, పైన రాసుకోవడానికి, ఆవిరి పట్టడానికి, ఇలా ఒకే సీసాను అనేక విధాలుగా వాడేవారు. తెలుగు పత్రికా చరిత్ర చదివేటప్పుడు మనం సంపాదకీయాలనే చూస్తాం. వాటిని బతికించిన వాటిలో చీటి లేకుండా అమ్ముడుపోయిన తలనొప్పి మందు ఉన్నదని గుర్తుంచుకోవాలి. పత్రికలో ప్రకటన చదివి, డబ్బీ కొని, తన రోగాన్ని తానే నిర్ణయించుకునే కొత్త పాఠకుడు ఈ కాలంలో తయారయ్యాడు.

చోప్రా కమిటీ, 1940 చట్టం

మందుల మీద అదుపు అనే ఆలోచన మొదట విషాలు, మత్తుమందుల నుంచి వచ్చింది. 1878 నాటి నల్లమందు చట్టం, 1919 నాటి విషాల చట్టం, 1930 నాటి ప్రమాదకర మాదకద్రవ్యాల చట్టం ఈ కోవకు చెందినవి. మామూలు మందు నాణ్యతను అడిగే చట్టం అప్పటికి లేదు. బజారులో దొరికే మందుల్లో కల్తీ, బలహీనమైన సరుకు పెరిగిపోయాయన్న ఫిర్యాదుల మీద 1927లో కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌లో తీర్మానం వచ్చింది. 1930లో ప్రభుత్వం లెఫ్టినెంట్ కర్నల్ రామనాథ్ చోప్రా అధ్యక్షతన విచారణ కమిటీని నియమించింది. ఆయన కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూలులో ఔషధశాస్త్ర ఆచార్యుడు. 1931లో వచ్చిన నివేదిక కల్తీ ఫిర్యాదులు నిజమేనని చెప్పింది. కేంద్ర చట్టం కావాలని, మందులు తయారుచేసి ఇచ్చేవారికి విద్యార్హత ఉండాలని సిఫార్సు చేసింది.

నివేదిక వచ్చిన తొమ్మిదేళ్ళకు 1940 ఔషధ చట్టం వచ్చింది. నియమావళి 1945లో, అమ్మకానికి సంబంధించిన నిబంధనల అమలు 1947లో వచ్చాయి. ఈ చట్టం బ్రిటిష్ ఇండియాకు చేసినది, నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానానికి కాదు. కనుక కృష్ణానదికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా మందు కొనే తెలుగువాడు అప్పట్లో రెండు వేర్వేరు చట్టాల కింద ఉన్నాడు. మందులు ఇచ్చేవారి అర్హతను నిర్ణయించే ఫార్మసీ చట్టం స్వాతంత్ర్యం తరవాత 1948లో వచ్చింది.

సరిగ్గా ఇదే కాలంలో అమెరికాలో జరిగినదాన్ని పోల్చి చూస్తే మన చట్టం స్వభావం బోధపడుతుంది. 1937లో అక్కడ ఒక కంపెనీ సల్ఫనిలమైడ్ అనే మందును తియ్యని ద్రవంగా తయారుచేయడానికి డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషద్రవాన్ని వాడింది. వందమందికి పైగా చనిపోయారు, వారిలో చాలామంది పిల్లలు. ప్రాణం తీసింది మందు కాదు, దాన్ని కరిగించిన ద్రవం. దాంతో 1938లో కొత్త చట్టం వచ్చింది. 1951 సవరణతో చీటి మందు ఏది, చీటి అక్కరలేని మందు ఏది అని రెంటినీ అక్కడ చట్టంలోనే విడదీశారు. మన 1940 చట్టం ప్రధానంగా కల్తీకి జవాబుగా పుట్టింది. మందు అసలైనదా కాదా అన్నది దాని మొదటి ప్రశ్న. ఎవరి చేతికి వెళ్ళాలన్న ప్రశ్నను అది నియమావళికి, అనుబంధ పట్టికలకు వదిలింది.

చీటి ఎవరు రాయాలి?

నియమావళిలోని 65వ నియమం చీటికి ఒక రూపం ఇచ్చింది. అది రాతపూర్వకంగా ఉండాలి, వైద్యుడి సంతకం, తేదీ ఉండాలి. ఎవరి కోసమో వారి పేరు, చిరునామా, ఇవ్వవలసిన పరిమాణం, వాడవలసిన మోతాదు ఉండాలి. వైద్యుడు ప్రత్యేకంగా రాస్తే తప్ప ఒక చీటి మీద రెండోసారి మందు ఇవ్వకూడదు. షెడ్యూల్ హెచ్ అనే పట్టికలోని మందులకు ఇలాంటి చీటి కావాలి. 2006లో సవరించినప్పుడు ఆ పట్టికలో ఐదు వందలకు పైగా పేర్లు ఉన్నాయి. అలవాటు పడే ప్రమాదమున్న కొన్ని మందులు షెడ్యూల్ ఎక్స్‌లో ఉన్నాయి. వాటికి చీటి రెండు ప్రతులుగా ఉండాలి, ఒక ప్రతిని దుకాణదారు రెండేళ్ళు దాచాలి.

కాగితం మీద ఇది చక్కగా ఉంది. అయితే చీటి రాసేవారు ఎక్కడున్నారు? 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ లెక్క ప్రకారం బ్రిటిష్ ఇండియాలో సుమారు 6,000 మందికి ఒక వైద్యుడు. ఆ ఉన్నవారిలోనూ ఎక్కువమంది పట్టణాల్లోనే. చీటిని తప్పనిసరి చేసిన చట్టానికి, చీటి రాయగలవాడు లేని పల్లెకు మధ్య ఏర్పడిన ఖాళీని ఎవరో ఒకరు పూరించక తప్పదు.

మన పల్లెల్లో దాన్ని పూరించినవాడు 'ఆర్.ఎం.పి. డాక్టరు'. ఇక్కడ ఒక విచిత్రం చూడండి. చట్టం భాషలో ఆ మూడక్షరాలకు అర్థం రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే వైద్య మండలిలో పేరు నమోదైన వైద్యుడు. ఊళ్ళో అదే మూడక్షరాలకు అర్థం రూరల్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే చాలా సందర్భాల్లో ఏ మండలిలోనూ పేరు లేనివాడు. మందు షీటు మీది హెచ్చరిక ఎవరిని కోరుతుందో, దానికి సరిగ్గా వ్యతిరేకమైన వ్యక్తికి ఊరు అదే పేరు పెట్టుకుంది. దీన్ని కేవలం మోసంగా చూడడం సరికాదు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది అతడే, అప్పు పెట్టేదీ అతడే. అలాగని అతడు చేతికందిన స్టిరాయిడ్, యాంటీబయాటిక్ కలిపి ఇచ్చే మందులవల్ల జరిగే హానిని తక్కువ చేయనూ కూడదు.

పూత, మాత్ర, సూది

మందును శరీరంలోకి ఏ దారిలో పంపుతామన్నది వైద్యశాస్త్ర విషయంగా కనిపిస్తుంది గాని, మందు ఎవరి అదుపులో ఉంటుందో నిర్ణయించేది చాలావరకు అదే. 1853లో అలెగ్జాండర్ వుడ్, చార్లెస్ ప్రవాజ్ వేర్వేరుగా సిరంజిని వాడుకలోకి తెచ్చారు. సూది వేయడానికి మరొక మనిషి కావాలి. అందుకే సూదిమందుకు ఒక అధికారం అంటుకుంది. సూది వేస్తేనే వైద్యం జరిగినట్టు భావించే అలవాటు మన ఊళ్ళలో ఇప్పటికీ చూడవచ్చు.

తొలినాళ్ళలో పెన్సిలిన్ ప్రధానంగా సూదిమందే. 1948లో వెలుగుచూసిన ఆరియోమైసిన్ పరిస్థితిని మార్చింది. టెట్రాసైక్లిన్ జాతికి మొదటిదైన ఈ మందును అమెరికాలోని లెడర్లీ సంస్థలో బెంజమిన్ డుగ్గర్ కనుగొన్నాడు. ఆ పరిశోధనలకు సారథ్యం వహించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఎన్నో రకాల సూక్ష్మజీవులను అణచగల ఈ మందును నోటితో మింగవచ్చు. అంటే యాంటీబయాటిక్ సూది పట్టిన చేతినుంచి జారి జేబులోకి చేరింది. 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే ఫ్లెమింగ్ ఈ ప్రమాదాన్ని ఊహించాడు. పెన్సిలిన్‌ను ఎవరైనా దుకాణంలో కొనుక్కునే రోజు రావచ్చు, చాలీచాలని మోతాదు వాడి సూక్ష్మజీవులకు తట్టుకునే శక్తి నేర్పవచ్చు అని హెచ్చరించాడు. పైసా పొట్లంలోని లోపమే ఇది, కాని ఫలితం వేరు. క్వినైన్ చాలకపోతే ముఖ్యంగా నష్టపోయేది వాడినవాడు. యాంటీబయాటిక్ చాలకపోతే మందుకు లొంగని సూక్ష్మజీవి పక్కింటికీ వెళుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు తలదాచుకున్న బనగాఁవ్ శిబిరంలో కలరా చెలరేగింది. నరానికి ఎక్కించే సెలైన్ అయిపోవచ్చింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో ఉంచి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. చికిత్స నరం నుంచి నోటికి మారినప్పుడు, వైద్యుడి చేతినుంచి తల్లి చేతికి మారింది. ఈ మార్పు ప్రాణాలు నిలిపింది. కనుక అదుపు పెంచడమే ఎప్పుడూ క్షేమమని చెప్పడానికి వీల్లేదు.

పట్టికల్లో కూడా ఈ దారుల తేడా కనిపిస్తుంది. షెడ్యూల్ హెచ్‌లోని మందులను పైపూతగా తయారుచేస్తే, కంటి, చెవి, ముక్కు మందులను మినహాయించి, చాలాకాలం చీటి నిబంధన వర్తించలేదు. ఈ సందులోంచే స్టిరాయిడ్ కలిసిన లేపనాలు తెల్లబడే క్రీములుగా ఇంటింటికీ చేరాయి. చర్మం పలచబడి, మచ్చలు పడి బాధపడ్డవారి గురించి చర్మవైద్యులు ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్న తరవాత 2018లో కొన్ని స్టిరాయిడ్ లేపనాలను చీటి మందుల్లో చేర్చారు.

ఎదుట నిలబడి మింగించడం

దుకాణం, డాక్టరు కాక మూడో చేయి ప్రభుత్వానిది. మద్రాసులో 1956లో మొదలైన క్షయ పరిశోధన, శానిటోరియంలో ఉంచకుండా ఇంటి దగ్గరే మందులు వాడినా ఫలితం దాదాపు ఒకటేనని చూపింది. ఇది మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి శానిటోరియాల యుగానికి ముగింపు పలికింది. ఇంటికి పంపితే నెలల తరబడి మింగుతారా అన్న సందేహం మాత్రం మిగిలింది. ఆరోగ్య కార్యకర్త ఎదుటే మాత్ర మింగించే పద్ధతి దానికి జవాబుగా వచ్చింది. బోదకాలు నివారణకు ఏటా ఇంటింటికీ తిరిగి డి.ఇ.సి. మాత్రలు మింగించడం కూడా ఇదే తీరు. ఆ మందు కూడా సుబ్బారావు నేతృత్వంలో లెడర్లీలో తయారైనదే. ఇక్కడ చీటి లేదు, ధర లేదు, రోగ నిర్ణయం కూడా లేదు. ఊరంతటికీ మందు. మాత్రను చేతికిచ్చి వెళ్ళిపోయిన చోట అది కిటికీలో మిగిలిపోతుందని క్షేత్రస్థాయిలో పనిచేసినవారు చెబుతారు.

ఒకే చట్టంలో రెండు పాఠాలు

నియమావళిలోని షెడ్యూల్ కె మినహాయింపుల పట్టిక. అందులో గృహ ఔషధాల పేర్లు ఉన్నాయి. ఆస్పిరిన్, పారాసిటమాల్, నొప్పి బామ్‌లు, గ్రైప్ వాటర్, ఆముదం, టింక్చర్ అయోడిన్, దూది, వాటి మధ్య క్వినైన్ సల్ఫేట్ మాత్రలు. వెయ్యికి మించని జనాభా ఉన్న గ్రామంలో, కంపెనీ ప్యాకింగు విప్పకుండా వీటిని అమ్మితే లైసెన్సు అక్కరలేదు. 1892 నాటి పోస్టాఫీసు ఆ పట్టికలో ఇంకా బతికి ఉంది. వెయ్యి దాటిన ఊళ్ళో కిరాణా కొట్టువాడు అదే పారాసిటమాల్ అమ్మాలంటే కనీసం పరిమిత లైసెన్సు ఉండాలి. ఆయుర్వేద, యునాని మందుల అమ్మకానికి మాత్రం ఎక్కడా లైసెన్సు అవసరం లేదు, తయారీకే కావాలి. అమృతాంజనం, జిందా తిలిస్మాత్ కిరాణా కొట్లో బిస్కెట్ల పక్కన కనిపించడానికి కారణం ఇదే.

రెండో పాఠానికి గుర్తు షెడ్యూల్ హెచ్1. 2013లో ప్రకటించి 2014 మార్చి 1 నుంచి అమలు చేసిన ఈ పట్టికలో మొదట 46 మందులు ఉన్నాయి. కొత్త తరం యాంటీబయాటిక్‌లు, క్షయ మందులు, అలవాటు పడే కొన్ని మందులు వీటిలోవి. అమ్మిన ప్రతిసారీ వైద్యుడి పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, పరిమాణం విడి రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. మొదట్లో చీటి లేకుండా అమ్మే యాంటీబయాటిక్‌లన్నింటినీ కట్టడి చేయాలన్న ఆలోచన కూడా ఉండేది. డాక్టరు లేని ప్రాంతాల్లో పిల్లల న్యుమోనియాకు మామూలు యాంటీబయాటిక్ కూడా దొరకకుండా పోతుందన్న వాదన దానికి ఎదురుగా నిలిచింది. పాతకాలపు మందులను షెడ్యూల్ హెచ్‌లోనే వదిలి, చివరి అస్త్రాలను మాత్రం కొత్త పట్టికకు మార్చడాన్ని ఈ రెండు వాదాల మధ్య రాజీగా నేను చూస్తాను. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ఎర్ర గీత ప్రచారం ప్రారంభించింది. ఇంగ్లిషు చదవలేనివారికి గీత అయినా కనిపిస్తుందన్నది దాని ఉద్దేశం. కాంపౌండరు కాగితపు గాట్లకు ఇది దూరపు చుట్టం.

చీటి అక్కరలేని మందులను పేర్కొనే ప్రయత్నం కూడా మొదలైంది. 2022 మేలో ప్రభుత్వం ప్రచురించిన ముసాయిదా, పారాసిటమాల్, పోవిడోన్ అయోడిన్ వంటి 16 మందులను లైసెన్సు ఉన్న దుకాణాల్లో చీటి లేకుండా అమ్మవచ్చని ప్రతిపాదించింది. దానికి పెట్టిన షరతుల్లో ఒకటి ప్యాకెట్టు పరిమాణం గురించి. ఐదు రోజులకు మించిన మందు ఒక ప్యాకెట్టులో ఉండకూడదు, ఐదు రోజులైనా తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పొట్లంలో ఎంత మందు ఉండాలన్న ప్రశ్న పైసా పొట్లం నాడు మోతాదు చాలకపోవడం గురించి, ఈ ముసాయిదాలో మోతాదు మించిపోవడం గురించి.